పిలవకూడని పేర్లు

28-6-76, సోమవారం

మధ్యాహ్నం బెల్లు కొట్టిన కాసేపటికే తొమ్మిదో తరగతిలో నెత్తురు. బసవపున్నయ్య జామెట్రీ బాక్సు పెట్టి పక్కవాడి కనుబొమ పగలగొట్టాడు. కుట్లు పడ్డాయి. ఎందుకు కొట్టావురా అంటే నోరు విప్పడు. నాలుగు తగిలించాక తేలింది. వాళ్ళ నాన్న జట్కా నడుపుతాడని రెండేళ్ళ నుంచి వీణ్ణి క్లాసంతా "దాణా" అని పిలుస్తోందట. రెండేళ్ళు! రోజూ వాళ్ళకి పాఠం చెప్పే నా చెవిన ఒక్కసారీ పడలేదు.

హెడ్మాస్టరు ఆదిశేషయ్యగారు గదిలోకి పిలిచారు. ఎమర్జెన్సీ వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి క్రమశిక్షణ పిచ్చి పట్టింది. గోడ మీద ఖాళీ ఉంటే చాలు, దాని మీద ఆ మాట రాయిస్తున్నారు.

"సరోజినీదేవిగారూ, ఈ ఏడిపించడాలు, గిల్లడాలు, మారుపేర్లు... అన్నిటికీ కలిపి ఒక నియమావళి రాసిపెట్టండమ్మా. తెలుగు పండితులు మీరుండగా ఇంకొకరెందుకు? ఆగస్టులో ఇన్‌స్పెక్టరు గారొస్తారు. ఆయన చేతిలో పెట్టామంటే మన తిరువూరు స్కూలు పేరు మోగిపోవాలి."

"చూద్దామండీ, తీరిక దొరకాలి గదా" అన్నాను. తీరికకేం, బోలెడు. లోపల మాత్రం పొంగిపోయాను.

1-7-76

పీఠిక పూర్తయింది. "సహాధ్యాయి మనస్సును నొప్పించుట సాక్షాత్తు సరస్వతీదేవిని నొప్పించుటయే." ఈ వాక్యం కుదిరినట్టు ఈ మధ్య నాకు ఏదీ కుదరలేదు. మా ఆయనకి చదివి వినిపించాను.

"బాగానే ఉంది. పిల్లలకి అర్థమవుద్దా?" అన్నారు.

మామిడికాయల బేరాలు తప్ప ఇంకోటి పట్టని మనిషికి వినిపించడం నాది తప్పు.

5-7-76

ఊరికే మారుపేర్లు పెట్టకూడదంటే ఒక్కడూ వినడు. "నేను పిలిచింది మారుపేరు కాదండీ, ముద్దుపేరండీ" అంటారు వెధవలు. తప్పించుకునే సందు ఉండకూడదు. అందుకని ఏ పేరు పిలవకూడదో ఆ పేరు అక్షరాలా జాబితాలో ఉండాలి. జాబితా అసెంబ్లీలో చదవాలి. ఆ తర్వాత నాకు తెలియదండీ అనడానికి ఎవరికీ వీలుండదు.

ఈ ఉపాయం నాదే. ఆదిశేషయ్యగారు టేబుల్ మీద చెయ్యి చరిచి మెచ్చుకున్నారు.

8-7-76

క్లాసుకొక రోజు పెట్టుకుని పిల్లల్ని ఒక్కొక్కరినే లైబ్రరీ గదిలోకి పిలిచి అడుగుతున్నాను. అబ్బబ్బ, ఏం పేర్లు! నవ్వు ఆపుకోలేక రెండుసార్లు బయటికి వెళ్ళి వచ్చాను. టీచర్లకీ ఉన్నాయి. డ్రిల్లు మాస్టారిని "చిల్లు డోలు" అంటారట. హెడ్మాస్టరుగారిది రాస్తే ఈ డైరీకే మర్యాద కాదు.

నాకూ ఒకటి ఉందట. ఏడో తరగతి చంటిది పాపం తెలియక చెప్పేసింది. అది ఇక్కడ రాయను.

9-7-76

పదో తరగతి వాళ్ళ వంతు. ఎస్తేరు చివర వచ్చింది. స్కూలు మొత్తంలో పద్యం విరిచి చదవగలిగిన గొంతు ఆ పిల్లదొక్కటే. వాళ్ళమ్మ మేరమ్మ మా తోటలోనే కాయకోతకి వస్తుంది. పేటలో అంతా మిషను వాళ్ళు. ఈ పిల్ల పదో తరగతి గట్టెక్కితే వాళ్ళింట్లో టీచరు ట్రైనింగుకు వెళ్ళే మొదటి మనిషి అవుతుంది. ట్రైనింగు సీటు సంగతి నేను చూస్తానని మేరమ్మకి మాటిచ్చి ఏడాదయింది.

"నిన్నేమని పిలుస్తారే?"

"ఏం లేదండి."

"అబద్ధమాడకు."

"నిజంగానండి, ఏం లేదండి" అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వదిలిపెట్టలేదు నేను. నా దగ్గర దాస్తే ఇంకెవరికి చెబుతావు అన్నాను, మూడోకంటికి తెలియనివ్వనన్నాను. అప్పుడు చెప్పింది. మిషను వాళ్ళు పంచే అమెరికా గోధుమరవ్వ గుడ్డసంచుల్లో వస్తుంది గదా, ఆ గుడ్డతో వాళ్ళమ్మ దానికి లోపలి పావడా కుట్టింది. ఎంత ఉతికినా ఇంగ్లీషు అక్షరాలు పోలేదు. ఖోఖో ఆడుతూ పడ్డప్పుడు పై లంగా తొలిగింది, క్లాసులో ముగ్గురు ఆడపిల్లలు చూశారు. అప్పటినుంచి వాళ్ళు ముగ్గురూ చాటుగా "గోధుమసంచి" అంటున్నారు.

"ఎవరికీ చెప్పకండి టీచరుగారండీ. మగపిల్లలకి తెలిస్తే నేనింక బడికి రాలేనండి."

"పిచ్చిదానా, నేనున్నాను గదా" అన్నాను.

10-7-76

జాబితా నా చేత్తోనే సాపు రాశాను. టీచర్ల పేర్లన్నీ తీసేశాను. అవి చదివితే గురువులంటే ఇంక ఎవరికి భయం ఉంటుంది? పిల్లలవి మాత్రం ఉంచాను. ఏ పేరు ఎవరిదో రాయలేదు, మారుపేరు ఒక్కటే. కాబట్టి ఎవరి గుట్టూ బయటపడదు. ఎస్తేరుకి ఇచ్చిన మాటా తప్పినట్టు కాదు.

12-7-76, సోమవారం

చదివాను. మైకు కూడా ఇవాళ మొరాయించలేదు. పీఠిక చదువుతుంటే గాలి కూడా ఆగినట్టుంది. జాబితా దగ్గరకి వచ్చేసరికి ముందు వరసల్లో కిచకిచలు మొదలయ్యాయి, తర్వాత స్కూలంతా నవ్వు. "నిశ్శబ్దం!" అని అరిచాను. మొదటిరోజు గదా, నవ్వుతారు.

"గోధుమసంచి" దగ్గర ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి నవ్వలేదు. అది చూసి నా మనసు కుదుటపడింది.

మధ్యాహ్నానికల్లా స్కూలంతటికీ తెలుసు. గోధుమసంచి ఎవర్రా, ఎందుకురా అని ఒకరినొకరు అడుక్కుని తేల్చుకున్నారు. ఆ ముగ్గురిలో ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళని పిలిపించి గోడకుర్చీ వేయించాను.

13-7-76

ఎస్తేరు ఇవాళ పద్యం చదవలేదు. గొంతు నొప్పి అంది.

16-7-76

నీళ్ళ కుళాయి దగ్గర పదో తరగతి కుర్రాళ్ళిద్దరు దాన్ని ఆపారట. "ఏమే గోధుమసంచీ, ఇవాళ లోపలేం రాసుంది? చదివి పెట్టవా, ఇంగ్లీషు పరీక్షకి పనికొస్తది" అన్నారట. ఒకడు అంకారావు, ఎరువుల కొట్టాయన కొడుకు. ఒళ్ళు మండిపోయింది. చర్మం ఊడేట్టు కొట్టేదాన్ని, కానీ ఇప్పుడు నియమావళి ఉంది. నాలుగో నియమం: తప్పు చేసినవారు అసెంబ్లీలో అందరి ఎదుట, బాధితుల పేరు చెప్పి, తాము అన్నదేమిటో చెప్పి, క్షమాపణ కోరవలెను.

సోమవారం చెప్పిస్తాను.

19-7-76, సోమవారం

చెప్పించాను. అంకారావు చేతులు కట్టుకుని మైకు ముందు నిలబడి, "ఎస్తేరునండి... గోధుమసంచి అన్నందుకండి... క్షమించమని అడుగుతున్నానండి" అన్నాడు. రెండోవాడు కూడా అదే మాట. ఎస్తేరుని కూడా స్టేజి మీదకి రమ్మన్నాను. అది తల ఎత్తలేదు. "క్షమించాననమ్మా" అంటే పెదాలు కదిపింది, మైకులో వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది.

చప్పట్లు కొట్టించాను. న్యాయం జరగడం పిల్లలు కళ్ళారా చూడాలి గదా.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన చేతిలోని లెక్కల పుస్తకం మూసేశారు. తర్వాత అన్నారు: "ఆ కుర్రాళ్ళు కుళాయి దగ్గర అన్నది నలుగురు విన్నారు. నువ్వు నాలుగొందల మందికి వినిపించావు."

"మీకు స్కూలు సంగతులు తెలియవు" అన్నాను.

20-7-76

ఎస్తేరు రాలేదు.

21-7-76

రాలేదు.

26-7-76

రాలేదు. జ్వరాలు తిరుగుతున్నాయి. జ్వరమే అయి ఉంటుంది.

2-8-76

నియమావళి అమలు రిజిష్టరు ఆదిశేషయ్యగారికి చూపించాను. 19వ తేదీ తర్వాత ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా! మారుపేర్ల బెడద మూలమట్టంగా పోయింది."

వరండాలో నడుస్తుంటే ఆరో తరగతి పిల్లలు నా జాబితాని ఎక్కం అప్పజెప్పినట్టు వరసగా అప్పజెప్పుకుంటున్నారు. నన్ను చూసి నోరు మూసుకున్నారు. ఫిర్యాదు ఎవరు చేస్తారు? చేస్తే స్టేజి ఎక్కాలి. ఈ సంగతి నాకు ఇవాళ తెలిసిందని రాసుకుందామనుకున్నాను. ఇవాళ కాదు. 19వ తేదీన, రెండోసారి చెప్పమన్నప్పుడు ఆ పిల్ల నా వంక చూసిన చూపులోనే తెలిసింది. తెలిసీ చప్పట్లు కొట్టించాను.

8-8-76, ఆదివారం

పేటకి వెళ్ళాను. నాలుగుసార్లు చెప్పులు వేసుకుని విప్పాను గానీ, చివరికి వెళ్ళాను. పక్కింటి నుంచి ఇనప కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది మేరమ్మ.

"కూచోండి టీచరుగారూ. అయ్యగారు బాగున్నారాండీ?" అంది. నన్ను తిట్టిపోస్తుందనుకున్నాను. మా తోటలో కూలి చేసే మనిషి నన్నేం తిడుతుంది? తిట్టినా బాగుండేది. మంచినీళ్ళు ఇవ్వలేదు, నేను పుచ్చుకోనని ఆవిడకి తెలుసు. ఇవ్వనందుకు నా ప్రాణం కుదుటపడింది. అందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

ఎస్తేరు గుమ్మంలో నిలబడింది.

"నువ్వు బడికి రావాలమ్మా. నెల దాటితే పేరు కొట్టేస్తారు. పబ్లిక్ పరీక్ష పోతుంది."

"రాలేనండి."

"రేపు సోమవారం అసెంబ్లీలో నేనే క్షమాపణ చెబుతాను. నీ పేరు చెప్పి, అందరి ముందు..."

అది ఒక్క అంగలో వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. "వద్దండి టీచరుగారండీ! మీకు దండం పెడతాను. నా పేరు మళ్ళీ మైకులో వద్దండి!"

మేరమ్మ దాన్ని లేవదీసింది. "విస్సన్నపేటలో మా చెల్లెలు జోజమ్మ ఉందండి. దాని కాడుండి అక్కడి బడిలో చదూకుంటానంటంది. తమరు ఆ టీసీ ఒకటి ఇప్పిస్తే చాలండి."

"అక్కడెవరికీ తెలీదండి" అంది ఎస్తేరు. ఆ మాట అన్నప్పుడు దాని మొహంలో కాస్త కళ వచ్చింది.

ఇప్పిస్తానన్నాను. లేచి వస్తుంటే వెనక నుంచి అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది: "టీచరుగారండీ, సార్లవీ టీచర్లవీ పేర్లు మీరు చదవలేదేంటండి?"

"అది మర్యాద కాదమ్మా" అన్నాను.

"అవునండి" అంది.

9-8-76

నిద్రపట్టలేదు. రాస్తాను.

"తుంపర." అదీ నా పేరు. పద్యం ఊపుగా చదివేటప్పుడు నా నోటి తుంపర ముందు బెంచీ మీద పడుతుందట. ముందు బెంచీ పిల్లలు పుస్తకం అడ్డం పెట్టుకునేది అందుకట. శ్రద్ధ అనుకున్నాను నేను ఇన్నేళ్ళూ.

ఆ పేరు విన్న రోజు అన్నం సయించలేదు. జాబితా సాపు రాసేటప్పుడు అన్నిటికంటే ముందు కొట్టేసింది దాన్నే. పక్కన నా పేరు ఉండదు గదా, చదివితే ఏం? చదివితే ఎవరిదని అడుగుతారు, ఒక్క పూటలో తేలుస్తారు, అదీ. నాకు తెలుసు. మైకులో చదివితే ఏమవుతుందో ఈ స్కూల్లో అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసి నాది కొట్టేసి, దానిది ఉంచాను. గురువుల మర్యాద అని రాసుకున్నాను పైన. ఛీ.

14-8-76

టీసీ ఇచ్చేశారు. విస్సన్నపేటలో చేరిందట.

22-8-76, ఆదివారం

రేపు సమీక్ష. ఇన్‌స్పెక్టరు గారి ముందే చెప్పేస్తాను. నాలుగో నియమం తీసేయాలి, జాబితా చింపేయాలి, బాధపడ్డ పిల్లతో చాటుగా మాట్లాడే మనిషి ఒకరుండాలి తప్ప మైకు పనికిరాదు. ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పచ్చు. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పుకున్నాను. బాగానే వచ్చింది.

23-8-76, సోమవారం

పూలదండ, బిస్కెట్లు, టీ. ఆదిశేషయ్యగారు రిజిష్టరు తెరిచి చూపించారు. "నెల రోజులుగా ఒక్క ఫిర్యాదు కూడా లేదండి."

ఇన్‌స్పెక్టరు గారు పీఠిక పైకి చదివారు. సరస్వతీదేవి దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "ఇది రాసింది మీరా అమ్మా? ఇంత చక్కటి తెలుగు చూసి ఎన్నాళ్ళయింది! మీలాంటి వాళ్ళుండాలండీ స్కూళ్ళల్లో. చెప్పండి, దీని అమల్లో మీ అనుభవం ఏమిటి?"

అడిగారు. ఎదురుగా కూర్చుని, నన్నే అడిగారు. అంతకంటే అదను ఏముంటుంది?

"అంతా తమ దయండీ" అన్నాను.

24-8-76

అంతా తమ దయండీ.

2-9-76

ఇది నేను ఊహించలేదు. ఇన్‌స్పెక్టరు గారి ఉత్తరువు వచ్చింది. మా నియమావళి ఆదర్శప్రాయమట. స్టెన్సిల్ కొట్టించి చుట్టుపక్కల హైస్కూళ్ళన్నిటికీ పంపాలట. ఉపాధ్యాయ దినోత్సవం ఈసారి ఆదివారం పడింది కాబట్టి సోమవారం అసెంబ్లీలో అన్నిచోట్లా చదివించాలట. పీఠిక, నియమాలు, జాబితా.

రెడ్డిగూడెం. గంపలగూడెం. విస్సన్నపేట.

ఆదిశేషయ్యగారి దగ్గరకి పరుగెత్తాను. "జాబితా తీసేయండి సార్. అవి మన పిల్లల పేర్లు, వాళ్ళకెందుకు?"

"నమూనా కోసమమ్మా. జాబితా లేకపోతే పసేముంది దాంట్లో? అయినా మీరు రాసిందేగా."

"ఒక పిల్ల అక్కడ చేరింది సార్."

"ఏ పిల్ల?"

చెప్పలేకపోయాను. చెబితే ఆయన ఫోను చేసి పేరుతో సహా అక్కడి హెడ్మాస్టరుకి చెబుతారు, ఆయన స్టాఫ్ రూములో చెబుతారు. నోరు మూసుకుని వచ్చేశాను. ఈసారి నోరు మూసుకున్నది మంచికో, అలవాటుకో తెలియదు.

4-9-76

స్టెన్సిల్ కాపీల కట్టలు నిన్ననే వెళ్ళిపోయాయట. రేపు విస్సన్నపేట వెళ్ళి ఆ హెడ్మాస్టరుని ఇంటి దగ్గర కలుస్తాను.

5-9-76, ఆదివారం

వెళ్ళలేదు. మా ఆడపడుచు వచ్చింది. వచ్చినావిడని వదిలేసి ఎలా వెళ్తాను?

వెళ్ళచ్చు. కాఫీ ఇచ్చి వెళ్ళచ్చు. ఆ హెడ్మాస్టరు "ఇది రాసింది మీరేగా" అంటే ఏం చెప్పాలో తెలియక వెళ్ళలేదు.

మా ఆయనకి ఇవాళ మొత్తం చెప్పాను. తుంపర కూడా చెప్పాను. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. "రేపు మొదటి బస్సుకి వెళ్ళు. నేను స్టాండుకి తీసుకెళ్తాను" అన్నారు.

6-9-76, సోమవారం

మొదటి బస్సు దొరికింది గానీ దారిలో పంచరు. కండక్టరు మీద విరుచుకుపడ్డాను. పాపం, వాడేం చేస్తాడు. నిన్న వస్తే ఏ పంచరూ ఉండేది కాదు.

విస్సన్నపేటలో దిగి స్కూలు దాకా దాదాపు పరుగే. చీర కుచ్చిళ్ళు ఊడి చేత్తో పట్టుకున్నాను. వీధి మలుపులోనే మైకు వినపడింది. ఎవరో కుర్రాడు నా పీఠిక చదువుతున్నాడు. తడుముకుంటూ, సగం మాటలు మింగేస్తూ. సరస్వతీదేవి దగ్గర నీళ్ళు నమిలాడు.

గేటు లోపల, సైకిళ్ళ పక్కన ఆగిపోయాను. జాబితా మొదలైపోయింది. ఒక్కో పేరుకీ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళకవి తమాషా పేర్లు, అంతే. ఎవరివో వాళ్ళకి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆడపిల్లల వరసల్లో వెతికాను. మూడో వరసలో, చివర ఉంది. కొత్త ఓణీ, తలలో కనకాంబరాలు. పక్కపిల్ల దాని భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఇరవై రోజుల్లో స్నేహితురాలు దొరికింది దానికి.

"గోధుమసంచి" అన్నాడు మైకులో కుర్రాడు.

అందరూ నవ్వారు. అదీ నవ్వింది. అందరికంటే గట్టిగా, పక్కపిల్ల మీద పడి మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తల తిప్పి గేటు వైపు చూసింది, నన్ను చూసింది.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. జులై 19న స్టేజి మీద చూసిన చూపు కాదిది. అది ఏడుపు. ఇది భయం. అప్పుడర్థమయింది. ఈ ఊళ్ళో ఆ పేరు ఎవరిదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను చెయ్యి ఊపితే చాలు, ఎస్తేరూ అని పిలిస్తే చాలు, తిరువూరు నుంచి తెలుగు టీచరు దీనికోసం ఎందుకొచ్చిందని అడుగుతారు. ఒక్క పూటలో తేలుస్తారు.

క్షమించమని అడగాలని బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. మంచి మాటలే దొరికాయి.

డ్రిల్లు మాస్టారు కాబోలు, ఈల మెళ్ళో వేసుకున్నాయన దగ్గరకి వచ్చారు. "ఎవరండీ మీరు? ఎవరికోసమండీ?"

ఎస్తేరు ఇంకా ఇటే చూస్తోంది.

"ఎవరికోసమూ కాదండీ. పొరపాటున వచ్చాను" అన్నాను.

"ఈ స్కూల్లో మీకు తెలిసినవాళ్ళున్నారాండీ?"

"లేరండీ. ఇక్కడ నాకెవరూ తెలియదు."

వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండుకి వచ్చేశాను. ఆ పిల్ల నాకు తెలియదని చెప్పి వచ్చాను. దానికి నేను చేసిన మేలు అదొక్కటే.